ఫ్రిజ్‌లో పగిలిన గుడ్లు

శుక్రవారం పొద్దున్నే నెవిల్ పర్సెల్ షెడ్డులోకి వెళ్లి, కారు ఫ్రిజ్ మీద కప్పిన పాత దుప్పటి తీశాడు. దాన్ని ముట్టుకుని నాలుగేళ్లయింది. మూత ఎత్తితే ముక్కిన వాసన గుప్పున కొట్టింది. వేడినీళ్లలో వంటసోడా కలిపి లోపలంతా రెండుసార్లు తుడిచాడు. మూత చుట్టూ ఉన్న రబ్బరుని పాత టూత్‌బ్రష్‌తో రుద్దాడు. ఇక చేయడానికి ఇంకేమీ మిగల్లేదు కాబట్టి తీగ తీసుకెళ్లి గోడ ప్లగ్గులో పెట్టాడు. కాసేపు చప్పుడు లేదు. తర్వాత గురగురమంటూ మొదలైంది. పాడైపోయి ఉంటే ఎంత బాగుండునని లోలోపల ఆశపడ్డ మనిషి, అది నిక్షేపంలా నడుస్తుంటే స్టూలు మీద కూలబడ్డాడు.

చార్టర్స్ టవర్స్ ఊళ్లో ప్రయాణాలు తెలిసినవాడెవడూ వేడి ఫ్రిజ్‌ని బండెక్కించడు. ముందురోజే ఇంటి కరెంటు మీద పెట్టి చల్లబరచాలి. లోపల సర్దేవన్నీ ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడినవే అయివుండాలి. ఖాళీ మిగిలితే నీళ్ల సీసాలు కుక్కాలి. అప్పుడే బండిలో ఉన్న రెండో బ్యాటరీ మీద రెండు రోజులు నిశ్చింతగా నడుస్తుంది. ఈ మాత్రం ఓపిక లేనివాడు మూడో రోజు గోరువెచ్చని బీరు తాగుతాడు. ఆ సంగతి ఊరు పదేళ్లు చెప్పుకుని నవ్వుతుంది.

ఆ నవ్వు ఎలా ఉంటుందో నెవిల్‌కి బాగా తెలుసు.

టీగన్ శనివారం వస్తానంది. అతనికి ఒక్కతే కూతురు. టౌన్స్‌విల్‌లో ఉంటుంది. స్కూలు సెలవులు కాబట్టి ఎనిమిదేళ్ల హ్యాటీని తీసుకుని, తాతా తల్లీ పిల్లా ముగ్గురూ ఉత్తరాన సముద్రం ఒడ్డున ఉన్న కరుంబా దాకా వెళ్లొద్దామని ఏర్పాటు. అల్లుడికి గనిలో డ్యూటీ, రాలేడు. తల్లి పోయాక టీగన్ తండ్రిని ఎక్కడికీ రమ్మనలేదు. ఈసారి తనే ఫోన్ చేసింది. "నీ ఫ్రిజ్ కావాలి నాన్నా. నువ్వూ కావాలి. ఒక్కదాన్నే పిల్లతో అంత దూరం అంటే భయంగా ఉంది," అంది.

భయానికి కారణం ఉంది. మార్చిలో హ్యాటీకి షుగర్ బయటపడింది. తిండి తగ్గించి మాత్రలేసుకుంటే సరిపోయే పెద్దవాళ్ల షుగర్ కాదు. అమ్మమ్మ గ్లెనిస్‌కి చిన్నప్పటి నుంచీ ఉన్న రకమే. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకుంటేనే బతుకు. ఆ మందు చల్లగా ఉండాలి. దారిలో నాలుగు వందల మైళ్లు ఎండ తప్ప ఇంకేమీ ఉండదు.

శనివారం పది గంటలకి టీగన్ బండి వాకిట్లో ఆగింది. హ్యాటీ దిగీ దిగగానే తాతని నడుం దగ్గర పట్టుకుంది. చిక్కిపోయింది పిల్ల. నెవిల్ తన పరుపు చుట్ట తెచ్చి బండి వెనక వేశాడు, గేలాలు కట్టాడు, తర్వాత ఇద్దరినీ వంటింట్లోకి పిలిచి బిస్కెట్ల డబ్బా తెరిచాడు.

హ్యాటీ తల అడ్డంగా ఊపింది. "నాకొద్దు తాతయ్యా. అమ్మమ్మలాగ తినీ తినీ చచ్చిపోను నేను."

నెవిల్ డబ్బా మూత పెట్టేశాడు. టీగన్ తండ్రి వైపు చూడకుండా టీ కలిపింది.

ఆ మాట హ్యాటీకి ఎక్కడి నుంచి వచ్చిందో అతనికి తెలుసు. గ్లెనిస్‌కి గోల్డెన్ సిరప్ అంటే ప్రాణం. బెల్లం పాకంలా ఉండే ఆ సిరప్‌ని, నిప్పుల్లో కాల్చిన రొట్టె మీద పోసుకుని, ఎంత పోసుకుందో అంతకు తగ్గ మందు పొడుచుకుని, కళ్లు మూసుకుని తినేది. ఆ జబ్బుతో గడిపిన నలభై మూడేళ్లలో ఒక్క పూట లెక్క తప్పిన మనిషి కాదు. కానీ చావు ఇంట్లో టీ తాగుతూ, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడిన టీగన్, "అమ్మ ఆ సిరప్ దగ్గర నోరు కట్టుకోలేకపోయింది," అంది. అక్కడున్నవాళ్లు కన్నీళ్లలోనే నవ్వారు. మూల నిలబడి కేకు కోస్తున్న నెవిల్ నోరు మెదపలేదు. ఆ రోజు నుంచి ఆ మాటే నిజమైపోయింది. ఇప్పుడది పిల్లని భయపెట్టడానికి పనికొస్తోంది.

అసలు జరిగింది ఇంకొకటి. దాని వెనకాల ఉన్నవి కుళ్లిన చేపలు.

గ్లెనిస్ పోవడానికి ముందు సంవత్సరం నెవిల్ కరుంబా వెళ్తూ, పక్కింటి క్లారీకి, బౌలింగ్ క్లబ్బులో ఇంకో పదిమందికి బారముండి చేప ముక్కలు తెస్తానని గొప్పలు పోయాడు. తెచ్చాడు కూడా. చల్లదనం చాలక దారిలోనే కుళ్లాయి. క్లారీ సంచీ విప్పి ముక్కు మూసుకుని, "ఒరేయ్ నెవ్, ఇది పట్టుకొచ్చావా, పాతిపెట్టింది తవ్వుకొచ్చావా?" అన్నాడు. ఆ ఏడాదంతా క్లబ్బులో అతను అడుగుపెడితే చాలు, ఎవడో ఒకడు ముక్కు మూసుకునేవాడు. చేపలు పట్టేవాడికి అంతకు మించిన అవమానం ఆ ఊళ్లో లేదు.

అందుకే నాలుగేళ్ల కిందట, ఆగస్టులో, గ్లెనిస్‌తో కరుంబా వెళ్లినప్పుడు, గేలానికి పెద్ద చేప పడిన రోజు నెవిల్ కాళ్లు నేల మీద ఆగలేదు. ముక్కలు కోసి సంచుల్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టాడు. గ్లెనిస్ రొట్టె కాల్చి, సిరప్ పోసుకుని, పండగ చేసుకుంది. భోజనాలయ్యాక ఆమె పడుకుంది. నెవిల్ మళ్లీ ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు. ఎప్పుడూ నాలుగు డిగ్రీల మీద ఉండే దాన్ని మైనస్ పదిహేనుకి దించాడు. ఒక్క రాత్రేగా, చేప రాయిలా గడ్డకడితే చాలు, పొద్దున్నే మళ్లీ పైకి తెచ్చేద్దాం అనుకున్నాడు. పై బుట్టలో, పాత వెన్న డబ్బాలో, గ్లెనిస్ మందంతా ఉంది. ఎండలు మండుతున్నాయని వాడుతున్న సీసా కూడా అందులోనే పెట్టింది. ఆ సంగతి అతనికి తట్టలేదు.

పొద్దున్నే మూత తీస్తే ముందు కనిపించినవి గుడ్లు. ఐదు గుడ్లు గడ్డకట్టి నిలువునా పగిలాయి. చూస్తే గ్లెనిస్ దులిపేస్తుందని, ఆమె లేవకముందే వాటిని పొదల వెనక్కి విసిరేశాడు. తర్వాత వెన్న డబ్బా తీశాడు. సీసాలు గట్టిగా ఉన్నాయి. గుప్పిట్లో పెట్టుకుని కరిగించాడు, ఊపాడు, వెలుతురుకేసి పట్టి చూశాడు. నీళ్లలా తేటగానే ఉంది. హమ్మయ్య అనుకుని లోపల పెట్టేశాడు. ఫ్రిజ్ నాలుగు మీదికి తెచ్చాడు. గుడ్లేవని గ్లెనిస్ అడిగితే, కొనడం మర్చిపోయానని చెప్పాడు. ఆమె నవ్వి, "నిన్ను నమ్ముకుంటే అంతే," అంది.

అక్కణ్నుంచి ఫోన్ అందని ఏటి ఒడ్డుకి వెళ్లారు. రెండో రోజుకి గ్లెనిస్ షుగర్ దిగడం మానేసింది. ఇంకా పొడుచుకుంది. దిగలేదు. కడివెడు నీళ్లు తాగినా దాహం తీరలేదు. మూడో రోజు వాంతులు పట్టుకున్నాయి. నెవిల్ ఆమెని బండిలో వేసుకుని ఒక పశువుల కంపెనీ వాళ్ల ఇంటిదాకా తోలాడు. వాళ్లు ఫోన్ చేస్తే డాక్టర్ల విమానం వచ్చింది. అప్పటికే చాలా ఆలస్యమైపోయింది.

ఇదంతా నాలుగేళ్లుగా అతను ఎవరికీ చెప్పలేదు.

టీ అయ్యాక షెడ్డులో టీగన్ ఫ్రిజ్ మూత ఎత్తి, హ్యాటీ మందు ఉన్న నీలం పెట్టెని పై బుట్టలో పెట్టింది. "నాలుగు మీదే ఉందిగా?" అంది. "చేపలు పడితే రాత్రికి మైనస్‌లోకి తిప్పుకోవచ్చులే, గడ్డకడతాయి."

"వద్దు." నెవిల్ గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "మందు లోపలుండగా తిప్పకు. ఒక్కసారి గడ్డకట్టిందంటే మళ్లీ కరిగినా పనిచెయ్యదు. చూడ్డానికి మాత్రం తేడా తెలీదు."

"అవునా? డాక్టరమ్మ చెప్పే ఉంటుంది, నాకే బుర్రకెక్కలేదు. చెప్పావు, మంచిపని చేశావు." టీగన్ మూత వేసింది.

అంతే. చెప్పాల్సింది చెప్పేశాడు. పిల్లకి ఇక ప్రమాదం లేదు. మిగతాది అతను పోయేదాకా అతని దగ్గరే ఉండిపోయినా అడిగేవాళ్లు లేరు. ఇంకో గంటలో బండెక్కి, కూతురి పక్కన కూర్చుని, రేపు సాయంత్రానికి మనవరాలికి గేలం వేయడం నేర్పుతూ ఉండొచ్చు. నాలుగేళ్లు ఒంటరిగా డబ్బాల్లో సూపు వేడిచేసుకుని తాగిన మనిషి. అది కావాలని అతనికి ఎంత ఉందో చెప్పలేం.

హ్యాటీ ఫ్రిజ్ మీద చెవి ఆనించి చప్పుడు వింటోంది. "అమ్మమ్మ మందు కూడా ఇందులోనే ఉండేదా తాతయ్యా?"

"ఇందులోనే."

"మరి మందుండగా ఎందుకు చచ్చిపోయింది?"

"చెప్పానుగా," అంది టీగన్ తాళ్లు వెతుకుతూ. "తన మీద తనకి అదుపు లేక. నువ్వలా చెయ్యకూడదు."

నెవిల్ గేటు వైపు చెయ్యి చూపించాడు. "హ్యాటీ, క్లారీ తాత కోళ్లు కొత్తగా పిల్లల్ని పొదిగాయి. పోయి చూసిరా తల్లీ."

పిల్ల పరిగెత్తింది. గేటు చప్పుడయ్యేదాకా ఆగాడు.

"మీ అమ్మ సిరప్ వల్ల పోలేదు. నా వల్ల పోయింది."

"ఊరుకో నాన్నా. ఇప్పుడవన్నీ ఎందుకు?"

అతను ఊరుకోలేదు. చేప దగ్గర మొదలుపెట్టి, మైనస్ పదిహేను దగ్గర్నుంచి గుడ్ల దాకా, గుప్పిట్లో కరిగించిన సీసాల దాకా చెప్పాడు. టీగన్ చేతిలో తాడు అలాగే ఉండిపోయింది.

"గుడ్లు ఏం చేశావు?" అంది చివరికి.

"పొదల్లో పారేశా."

"అంటే పొద్దున్నే తెలుసు నీకు."

"గుడ్ల సంగతి తెలుసు. మందు బాగానే ఉందనుకున్నా."

"రెండో రోజు? ఎంత పొడుచుకున్నా షుగర్ దిగనప్పుడు?"

"అప్పుడు అనుమానం వచ్చింది."

"చెప్పావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు నాన్నా?"

ఈ ప్రశ్న నాలుగేళ్లుగా అద్దంలో చూసుకుంటూ తనకి తనే వేసుకుంటున్నాడు. బయటికి వచ్చిన జవాబు మాత్రం సిగ్గుపడేంత చిన్నది. "మొదట, తిడుతుందని. సాయంత్రానికి తగ్గిపోతుందిలే అనుకున్నా. తర్వాత... ఇంతసేపు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలీలేదు."

టీగన్ నేల చూపులు చూస్తోంది. "అమ్మ ఏమనుకుంటూ పోయింది?"

నెవిల్ ఇక్కడ అబద్ధం ఆడి ఉండొచ్చు. ఆడలేదు. "తనదే తప్పనుకుంటూ పోయింది. విమానం కోసం చూస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకుని, 'ఆ సిరప్ తినకుండా ఉండాల్సింది నెవ్, నిన్ను ఇబ్బంది పెట్టేశా,' అంది. నేను చెయ్యి నిమురుతూ కూర్చున్నా."

టీగన్ షెడ్డు గోడకి మొహం తిప్పేసుకుని ఏడ్చింది. అతను దగ్గరికి ఒక అడుగు వేస్తే, వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి ఆపింది.

తర్వాత మొహం తుడుచుకుంది. అతికించే టేపు ఉందా అని అడిగింది. ఇచ్చాడు. ఫ్రిజ్ మీద అంకెలు మార్చే మీటల్ని మూడు వరసలు టేపు వేసి మూసేసింది, ఎవరూ మార్చడానికి వీల్లేకుండా. తీగ పీకింది. అతను ఒక పక్క పట్టుకోబోతే వద్దంది. అంత బరువూ ఒక్కతే ఎత్తి, ఈడ్చుకుంటూ బండి వెనక్కి ఎక్కించి, బ్యాటరీకి కలిపింది. తర్వాత అతని పరుపు చుట్ట కిందికి దించింది. విసిరేయలేదు. తెచ్చి వరండా మెట్ల మీద నెమ్మదిగా పెట్టింది.

"మేము వెళ్తాం," అంది.

నెవిల్ తలాడించాడు. ఇలాగే అవుతుందని తెలిసే చెప్పాడు. అయినా మెట్లదాకా వెళ్లి ఆ పరుపు చుట్ట మీదే కూర్చున్నాడు.

హ్యాటీ కోళ్ల దగ్గర్నుంచి వచ్చి, తాతయ్య బండెక్కడేమని అడిగింది. ఈసారికి రాడని టీగన్ చెప్పి, బెల్టు పెట్టింది. బండి స్టార్టు చేసింది. మళ్లీ ఆపేసింది. దిగి, అతన్ని దాటుకుని ఇంట్లోకి వెళ్లింది. వంటింట్లో అలమారా తలుపులు ఒక్కొక్కటీ తెరిచి మూస్తున్న చప్పుడు వినిపించింది. ఏం వెతుకుతోందో నెవిల్‌కి అర్థమైంది. టీ పొడి డబ్బా వెనక ఉందని చెబుదామని లేవబోయాడు.

ఆమెకే దొరికింది. గోల్డెన్ సిరప్ డబ్బా. కరుంబా నుంచి సామాన్లతో పాటు తిరిగొచ్చినదే, సగం అయింది. అప్పట్నుంచీ అతను మూత తియ్యలేదు, పారెయ్యనూ లేదు. మూత అంచున కారి ఎండిపోయిన పాకాన్ని టీగన్ బొటనవేలితో ఒకసారి తడిమి, బండి కిటికీలోంచి పిల్లకి అందించింది.

"ఇది మీ అమ్మమ్మది," అంది. "షుగర్ పడిపోయినప్పుడు ఒక చెంచా వేసుకోవాలి. పడిపోకపోయినా, సాయంత్రం రొట్టె కాలుస్తా, లెక్క చూసుకుని మందేసుకుని తిందువుగాని. అమ్మమ్మ అలాగే తినేది. ఎప్పుడూ తప్పు చెయ్యలేదు మీ అమ్మమ్మ. నేనే నీకు తప్పు చెప్పాను."

"నిజంగా?" అంది హ్యాటీ.

"నిజంగా."

బండి వెనక్కి వచ్చి రోడ్డెక్కింది. హ్యాటీ డబ్బా ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి తాతకి చెయ్యి ఊపింది. టీగన్ ఊపలేదు.