నలభైలో పదమూడు

"పాల డిపో దాటాక రెండో మలుపా, మూడోదా?" అని అడుగుతూనే ఆమె కార్డు మీద బాణం గుర్తు గీసింది. ఫోనులో అవతలి మనిషి రెండోదన్నాడు. "అయితే నీళ్ల ట్యాంకు కనిపిస్తుండాలి మీకు. కనిపిస్తోందా? సరే, అక్కడే నిలబడండి. ఆవిడను కదిలించకండి, మంచినీళ్లు కూడా పట్టకండి. బండి వస్తోంది."

అంబులెన్సుల కేంద్రంలో ఇప్పుడు కార్డులు రాసేది ఆమె ఒక్కతే. మిగిలిన పదకొండు బల్లల మీదా తెర, కీబోర్డు తప్ప కాగితం ముక్క కనిపించదు. కొత్త కంపెనీ వాళ్లు వచ్చిన రోజే గోడకున్న పెద్ద మ్యాపును ఊడదీసి, చాపలా చుట్టి, మెట్ల కింద పడేశారు. ఆ మ్యాపులో లేని సందులు కూడా ఆమెకు తెలుసు. ఎక్కడ బండి తిరగదో, ఏ గేటుకు మధ్యాహ్నం తాళం పడుతుందో, ఏ వీధికి రెండు పేర్లున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలదు. డ్రైవర్లు ఆమెకు సందులమ్మ అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే పిలవసాగారు. ఊరి దారులన్నీ తెలిసిన మనిషికి తన కళ్లజోడు ఎక్కడ పెట్టిందో తెలియదని ఇంట్లో మొగుడు రోజూ ఎగతాళి చేస్తాడు.

యాభై ఏడేళ్ల పొట్టి మనిషి. ఏళ్ల తరబడి హెడ్‌సెట్ ఒత్తుకుని ఎడమ చెవి పైన జుట్టు పలచబడిపోయింది. కూర్చుని కూర్చుని కాళ్లు వాస్తాయి కాబట్టి చెప్పులు విప్పేసి, బోర్లించిన చెత్తబుట్ట మీద పాదాలు పెట్టుకుంటుంది. ప్రమోషను పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి రాయలేదు. ఇరవై ఆరేళ్లలో ఆమెకు ఎవరూ శాలువా కప్పలేదు. గొంతు మాత్రం గొప్పది. ఎంత గుండెలు బాదుకుంటున్నవాళ్లైనా ఆ గొంతు వింటే ఒక్క క్షణం ఆగి ఇంటి నంబరు చెప్పేవారు.

ఎనిమిది నెలల కిందట, బండ్లకు దారి చూపే ఈ కంప్యూటర్ సిస్టమ్ కొనబోయేముందు, దాన్ని పరీక్షించమని ఆమెను కూర్చోబెట్టారు. నలభై ఉత్తుత్తి కాల్స్. నలభై చిరునామాలూ ఆమే ఎంచింది. అందులో పదమూడింటికి అది బండిని తప్పు చోటికి పంపింది. ఒకే పేరుతో రెండు వీధులుంటే, ముందు ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. కార్బను పెట్టి అంతా వివరంగా రాసి, కింద "ఈ స్థితిలో కొనడానికి పనికిరాదు" అని చేర్చి, పై ప్రతిని డైరెక్టరుగారి గదికి పంపింది. నెల తిరక్కుండా కాంట్రాక్టు ఆ కంపెనీకే ఇచ్చారు. పోటీకి వచ్చిన మిగతా రెండు కంపెనీల సిస్టమ్‌లను కనీసం పెట్టెలోంచి బయటికి తీసి చూడలేదు. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించారు. నా కాగితం ఏమైందని ఆమె అడిగితే, "సరిచేస్తారటలేమ్మా" అన్నాడు సూపర్‌వైజరు.

సరిచేయలేదు. ఆమె సరిచేసింది. సిస్టమ్ తప్పు దారి పట్టించినప్పుడల్లా తన సొంత ఫోనులోంచి డ్రైవరుకు ఫోన్ చేసి, అటు కాదు ఇటు వెళ్లు అని చెప్పేది. చాలా రోజులకు గాని ఆమెకు ఒక సంగతి తట్టలేదు. తను ఇలా అతుకులు వేస్తున్నకొద్దీ పై కాగితాల్లో ఆ సిస్టమ్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పోయిన వారం కంపెనీ కొత్త రూలు తెచ్చింది. డ్రైవర్లు సొంత ఫోన్లు బండ్ల డిపోలో పెట్టి వెళ్లాలి. తెర చూపిన దారి తప్ప మరో దారి తొక్కకూడదు.

పది ఇరవైకి లైటు వెలిగింది.

"మా ఆయనండీ... కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు. పిలిస్తే పలకట్లేదు."

"ఎక్కడమ్మా?"

"మిల్లు వెనక వీధి. పదకొండో నంబరు."

"పాత మిల్లా, కొత్త మిల్లా?"

"పాతది. కాలవ పక్కన."

ఆమె అంతా టైపు చేసింది. పాత మిల్లు, కాలవ పక్కన. తెర మీద చిన్న చక్రం తిరిగి, కొత్త మిల్లు వెనక వీధి ఎర్రగా వెలిగింది. ఊరికి అటు చివర, నది అవతల. బండి బయల్దేరిందని కింద పచ్చ అక్షరాలు వచ్చాయి. పాత మిల్లుకు నాలుగు నిమిషాల దూరంలో, ఫైర్ స్టేషను ముందు మరో బండి ఖాళీగా ఉంది. ఆమె దాని మీద నొక్కింది. ఈ కాల్‌కు బండి ఇచ్చేశామనీ, మార్చాలంటే కంపెనీ సహాయ కేంద్రం నుంచి కోడ్ తీసుకోవాలనీ తెర చెప్పింది.

"సార్, కోడ్! త్వరగా!"

సూపర్‌వైజరు ఫోను చెవికి ఆనించుకుని ఒక్క అంగలో వచ్చాడు. "వరుసలో ఉన్నామంటోంది. మనకి ముందు ఆరుగురున్నారట."

"అమ్మా, నా మాట వినండి," అంది ఆమె హెడ్‌సెట్‌లోకి. "ఆయన్ని నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, బరువంతా వేసి నొక్కండి. నాతోపాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు..."

"ఒకటి... రెండు..."

లెక్కపెడుతూనే రెండో చేత్తో ఫైర్ స్టేషను నంబరు కలిపింది. ఎత్తినవాణ్ని, బయటున్న అంబులెన్సు డ్రైవరును లైనులోకి పిలవమంది. అతను వచ్చేసరికి మూడు నిమిషాలు.

"అక్కా, నా తెర మీద ఏమీ రాలేదే. కాల్ నంబరు లేకుండా బండి కదిలితే నా ఉద్యోగం ఊడుతుంది."

"నేను పంపానని చెప్పు. పాత మిల్లు, కాలవ పక్కన, పదకొండు. వెళ్లు నాయనా, నీకు దణ్ణం పెడతా."

అవతల ఫోను బల్ల మీద పడిన చప్పుడు వినిపించింది. కాలవ గట్టు మీద రోడ్డు తవ్వేశారని, చుట్టూ తిరిగి వెళ్లాలని అతనికి చెప్పే వీలు లేకపోయింది.

"వస్తున్నారామ్మా?" హెడ్‌సెట్‌లో ఆ ఇల్లాలు రొప్పుతోంది.

"వస్తున్నారు. ఆపకండి. పదిహేడు, పద్దెనిమిది..."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ల ముందు తెర మీద మొదటి బండి నది వంతెన దాటుతోంది.

"చేతులు రావట్లేదమ్మా."

"కాస్త. ఇంకాస్త ఓపిక పట్టండి."

లెక్క నెమ్మదించింది. ఇద్దరూ కలిసి పెడుతున్న లెక్కలో క్రమంగా ఒక గొంతే మిగిలింది, అది సందులమ్మది. తర్వాత ఎవరో పరుగున వచ్చిన అడుగుల చప్పుడు, డ్రైవరు గొంతు వినిపించాయి.

"అక్కా," అన్నాడు డ్రైవరు ఆ ఇంటి ఫోనులో. "లేడక్కా."

పది ముప్పై ఏడు. తెర మీద నది అవతలి వీధికి మొదటి బండి ఎప్పుడో చేరిపోయింది. తొమ్మిది నిమిషాలు, గడువులోపలే, కాల్ పూర్తయింది అని పచ్చగా వెలుగుతోంది.

పన్నెండు గంటలకు డైరెక్టరుగారి గదికి రమ్మన్నారు. ఆయన పక్కన కంపెనీ మనిషి, మెడలో బిళ్లతో, నున్నగా నవ్వుతూ కూర్చుని ఉన్నాడు. బల్ల మీద అప్పటికే టైపు చేసిన కాగితం సిద్ధంగా ఉంది.

"కూర్చోండమ్మా. పనన్నాక పొరపాట్లు జరుగుతాయి. ఇది ఊరికే రికార్డు కోసం."

ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. ఆపరేటరు చిరునామాను అసంపూర్ణంగా నమోదు చేయడం వల్ల జాప్యం జరిగినది.

"నేను పూర్తిగానే కొట్టాను. కావాలంటే తీసి చూడండి."

"సిస్టమ్‌లో మిల్లు వెనక వీధి అని మాత్రమే ఉంది మేడమ్," అన్నాడు కంపెనీ మనిషి. "వీధి పేరు తర్వాత రాసింది అది తీసుకోదు."

"తీసుకోదని ఎనిమిది నెలల కిందటే రాసిచ్చాను కదండీ! నలభైలో పదమూడు తప్పులని!"

డైరెక్టరుగారు ఒక ఫైలు తెరిచి ఆమె వైపు తిప్పారు. పరీక్ష నివేదిక. నలభైకి నలభై సరైనవి. కొనుగోలుకు సిఫారసు చేయడమైనది. కింద ఆమె సంతకం.

సంతకం ఆమెదే. ఆఖరి అక్షరం తోక మధ్యలో తెగి, మళ్లీ లావుగా మొదలైంది. పరీక్ష రోజు పొద్దున హాజరు పట్టీలో సంతకం చేస్తుంటే పెన్ను ఆరిపోయింది. విదిలించి ఆ తోక పూర్తిచేసింది. ఆ ముక్కనే కత్తిరించి, ఇక్కడ అతికించి, జిరాక్సు తీశారు. హాజరు పట్టీ గీత కూడా సంతకం కింద వెంట్రుకలా కనిపిస్తోంది. చెరిపేంత శ్రద్ధ కూడా పెట్టలేదు. ఎవరు చూడొచ్చారన్న ధీమా.

"ఇది ఎవరు చేశారు?"

కంపెనీ మనిషి తన ఫోను చూసుకోసాగాడు. "మీకింకా పది నెలల సర్వీసే ఉంది," అన్నారు డైరెక్టరుగారు మెల్లగా. "పెన్షను కాగితాల మీద సంతకం పెట్టాల్సింది నేనే. దీన్ని పెద్దది చేసుకోకండమ్మా."

ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. అరవాలనిపించింది. కానీ ఏడ్చేవాళ్లను ఊరుకోబెట్టి ఊరుకోబెట్టి అరుపు ఆ గొంతుకు చేతకాకుండా పోయింది.

"అక్కడ ఒకావిడ మొగుడి ఛాతీ మీద చేతులు పడిపోయేదాకా నొక్కింది. వస్తున్నారు, వస్తున్నారని నేను అబద్ధం చెప్పాను. మీ సిస్టమేమో తొమ్మిది నిమిషాల్లో చేరిపోయానని రాసుకుంది. ఇప్పుడు దాని మీద నా సంతకం కావాలి మీకు." కాగితాన్ని ఆయన ముందుకు నెట్టింది. "నా సంతకం ఒకటి మీ దగ్గరే ఉందిగా సార్. మళ్లీ అతికించుకోండి."

బల్ల దగ్గరికి వచ్చి కింది సొరుగు లాగింది. పాత కార్డుల అడుగున కార్బను ప్రతుల పుస్తకం. నలభై కాల్స్, నలభై చిరునామాలు, టైములు. సంచీలో వేసుకుంటుంటే సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, అది ఆఫీసుది. నేను చూస్తుండగా ఎలా..."

"చూడకండి," అంది చెప్పుల్లో కాళ్లు దూరుస్తూ. "ఇన్నాళ్లూ చూశారా ఏమన్నా?"

ఆయన తల దించుకుని దారి ఇచ్చాడు.

బస్సులో ఉండగానే ఫోనుకు ఉత్తర్వు వచ్చేసింది. విధుల నుంచి తాత్కాలికంగా తొలగించడమైనది. కాగితం నడవడానికి నెలలు పట్టే ఆఫీసులో ఇది గంటన్నరలో వచ్చింది. మొగుడికి ఫోన్ చేసి, రావడం ఆలస్యమవుతుందని చెప్పింది.

"ఎక్కడికి పోతున్నావు?"

"పాత మిల్లు వెనక వీధికి."

"నీకు దారి చెప్పే పని లేదులే," అని నవ్వాడతను, ఏమీ తెలియక. ఆమె ఫోను పెట్టేసింది.

పదకొండో నంబరు ఇల్లు ఒక్క గది. ముందు భాగం దుకాణం. శవాన్ని ఇంకా ఆసుపత్రి నుంచి ఇవ్వలేదు. ఇల్లాలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు మణికట్లకూ ఎవరో తడిగుడ్డ చుట్టారు. మరిది గుమ్మంలో నిలబడి, ఎవరు కావాలని అడిగాడు. ఆమె రెండు మాటలు చెప్పేసరికే లోపలి మనిషి తల ఎత్తింది.

"లెక్కపెట్టింది మీరేనా?"

"నేనేనమ్మా."

"వస్తున్నారన్నారు."

"అన్నాను. ఎక్కడికో వెళ్తున్న బండిని చూస్తూ అన్నాను."

ఆ ఇల్లాలు తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. సందులమ్మ వాళ్ల ఎదురుగా నేల మీద కూర్చుని, కార్బను పుస్తకం తెరిచి, మొదటి పేజీ నుంచి చెప్పుకొచ్చింది. అతికించిన సంతకం దగ్గరికి వచ్చేసరికి మరిది పళ్లు పటపట కొరికాడు.

"ఇవన్నీ ఎవరికిస్తే వింటారండీ?"

"ముందు పోలీసులకి. తర్వాత ఆడిట్ వాళ్లకి, పేపర్లకి. ఎవరో ఒకరు వినేదాకా తిరుగుదాం. నాకిప్పుడు ఉద్యోగం కూడా అడ్డం లేదు. సాక్షిగా నా పేరు రాయండి. ఇంటి పేరుతో సహా."

"రాయి," అంది ఆ ఇల్లాలు మరిదితో.

అతను బట్టలు కత్తిరించే బల్ల మీద నుంచి కత్తెర, టేపు పక్కకు జరిపి, తెల్లకాగితం పరిచాడు. కూర్చోవడానికి కుట్టుమిషను ముందున్న ముక్కాలిపీట లాగబోయాడు.

"అది కదపకు," అంది ఇల్లాలు. అతను చెయ్యి వెనక్కి తీసుకుని, నిలబడే రాయడం మొదలుపెట్టాడు.

మిషను మీద ఎవరిదో నీలం చొక్కా, దాని చెయ్యి అతికే కుట్టు సగం దాకా వచ్చి ఆగిపోయి ఉంది, సూది ఇంకా గుడ్డలోకి దిగే ఉంది.