ప్రణీత్‌కి డబుల్ ప్రమోషన్

ప్రణీత్ విలువ పడగొట్టింది కిచెనర్ క్లబ్బు వాళ్లు కాదు. మీరే, విశ్వనాథం గారూ. మీరూ, మీ కమిటీయే. మన ఎటోబికో బేస్‌బాల్ క్లబ్బులో స్కోరు రాసేది నేను. వాడు విసిరిన ప్రతి బంతీ నా పుస్తకంలో ఉంది. కాదనండి చూద్దాం.

మే నెలలో ఏం జరిగింది? జూనియర్ టీమ్ మ్యాచిలో ప్రణీత్ తొమ్మిది మందికి బ్యాటుకి బంతి తగలనివ్వకుండా పంపించాడు. హనుమకొండలో ఫాస్ట్ బౌలరు; నిరుడు ఈ దేశానికి చదువుకోడానికి వచ్చి, మాలాగే బ్రాంప్టన్ బేస్‌మెంటులో ఏడుగురిలో ఒకడుగా సర్దుకుని, క్రికెట్ గ్రౌండు దొరక్క బేస్‌బాల్ పట్టాడు. ఆ రోజు కిచెనర్ కోచ్ తారక్ గారు మడత కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మ్యాచ్ అవగానే అడిగేశారు: "ఆగస్టులో ఈ అబ్బాయిని మాకివ్వండి. మా క్యాచర్నీ, ఎడంచేతి పిచర్నీ తీసుకోండి."

ఒక్క జూనియర్‌కి మారుగా ఇద్దరు సీనియర్లు, ఒకడు బంతి పట్టేవాడు, ఒకడు విసిరేవాడు. అంత మంచి ట్రేడ్! ప్రణీత్‌కి కావలసింది కూడా అదే. మంచు పడితే మన దగ్గర ఆట బంద్. కిచెనర్‌లో హీటర్ పెట్టిన షెడ్డుంది, చలికాలమంతా కోచ్ దగ్గరుండి నేర్పిస్తాడు. ఆ షెడ్డులో చోటు కోసమే వాడు ఆగస్టు దాకా రోజులు లెక్కపెట్టుకున్నాడు.

జూన్‌లో మీకు తొందర పుట్టింది.

"సీనియర్ టీమ్‌లో నాలుగు మ్యాచ్‌లు ఆడిస్తే వాడి రేటు డబుల్ అవుద్దమ్మా. డబుల్ ప్రమోషన్ ఇచ్చేద్దాం," అన్నారు మీరు.

"వద్దంకుల్. వానికి ఇప్పటిదాంక వచ్చింది ఒక్క ఫాస్ట్ బాలే. రెండోసారి బ్యాటింగ్‌కి వచ్చినోడు పసిగడ్తడు. జూనియర్‌ల ఉన్నన్ని రోజులు తారక్ సార్ వాని గురించి ఊహించుకుంటడు. పైకి తోల్తే ఊహ పోతది, స్కోరు మిగులుతది."

"చంద్రకళా, నన్ను మూడో క్లాసు నుంచి తిన్నగా ఐదులో కూచోబెట్టారు మా హెడ్మాస్టరు గారు. ఏవయ్యింది నాకు? ఇంజినీర్నవలేదూ?"

"మీ మీద ఎవ్వరు బ్యాట్ ఎత్తలే గద అంకుల్!"

కమిటీ అంతా నవ్వింది. నవ్వి, ప్రమోషన్ కాగితం మీద సంతకం పెట్టింది. మిఠాయి పంచారు. వాడు కొత్త జెర్సీ ఫోటో ఇంటికి పంపాడు. బేస్‌బాల్ అంటే ఏంటో తెలియని వాళ్ల వాడంతా డబుల్ ప్రమోషన్ అనగానే మురిసిపోయింది.

తర్వాత మూడు మ్యాచ్‌లు. బ్యాటర్లు మొదటిసారి తడబడ్డారు, రెండోసారి ఆగి చూశారు, మూడోసారి కంచె దాటించారు. మూడో మ్యాచ్ తర్వాత పార్కింగ్ లాట్‌లో తారక్ గారు కుర్చీ మడుస్తూ నాతో చెప్పారు.

"క్యాచర్నివ్వలేనమ్మా. ఎడంచేతివాడూ కుదరదు. బెంచి మీద కూర్చునేవాడొకడున్నాడు, కావాలంటే తీసుకోమను. పైగా సీనియర్‌లో మొదటి మ్యాచ్ ఆడిన దగ్గర్నుంచి వాడి మీద క్లబ్బు హక్కు మూడు సీజన్లే, ఆ తర్వాత వాడిష్టం. మీరు తొందరపడి ఒకటి తినేశారు. నాకు మిగిలేవి రెండు."

"షెడ్డుల చోటు, సార్?"

"అది పెద్ద ట్రేడ్‌లో వచ్చినవాళ్లకి. చిల్లరగా వచ్చినవాడికి కాదు."

అయినా మీరు ఆదివారం సంతకం పెట్టేద్దామన్నారు, ఇంకా పడిపోకముందే వదిలించుకుందామని! గురువారం ప్రణీత్‌ని పార్కుకి లాక్కుపోయాను.

"జూనియర్‌కి దిగిపో," అన్నాను.

"దిగితే ఇంట్ల ఏమని చెప్పాలె అక్కా? ఫెయిలయిన్నని చెప్పాల్నా?"

"ఫెయిల్ గాలేదురా. నీ క్లాసొకటి వాళ్లు ఎగ్గొట్టించిన్రు. పోయి సదువుకుంటున్న అని చెప్పు. ఏదీ, స్లో బాల్ వెయ్యి."

అదే చెయ్యి, అదే ఊపు, బంతి మాత్రం ఆలస్యంగా రావాలి. కంచెకి టవల్ కట్టాను. ఇరవై వేశాడు. పద్నాలుగు టవల్‌కి తగిలాయి. పదిహేనోది తగలాలని ఇంకొకటి వేసి, అదీ తగిలాక నా వైపు చూశాడు.

"దింపమంట అక్కా. నువ్వు చెప్పకు, నేనే చెప్త."

ఈ ఆదివారం, ఇందాకే, మీ కమిటీ ముందు చెప్పాడు కూడా: "అంకుల్, నన్ను కిందికి పంపుండ్రి. స్లో బాల్ వస్తున్నది. ఆగస్టుల తారక్ సార్‌ని మళ్ల పిలుద్దాం."

మీరు పెన్ను మూత తీసి కూర్చున్నారు. "నలుగురిలో పరువేం కావాలయ్యా?" అన్నారు. ఎవరి పరువు? బంతి విసిరేది వాడు, దిగడానికి ఒప్పుకున్నది వాడు. మీకేం పోయింది?

పోయిన సీజను తిరిగి రాదు. మిగతాదంతా వస్తుంది. ఆ చెయ్యి నేను చూశాను, వస్తుంది. కాబట్టి ఆ ట్రేడ్ కాగితం ఇప్పుడే, అందరి ముందు చించెయ్యండి. ప్రణీత్ పేరు ఈ రోజే జూనియర్ జాబితాలో రాయండి. స్లో బాల్ మ్యాచిలో నిలబడేదాకా వాణ్ణి ఎవరూ ఎక్కించకండి, ఎవరికీ ఇవ్వకండి. తారక్ గారికి మీరే ఫోన్ చేసి, తొందరపడ్డది మేమేనని చెప్పండి. ఫోన్ ఇదిగో, నంబరు కలిపాను. మాట్లాడండి.