ఏడాదిగుమ్మడి డిపాజిట్

వ్యాపారంలోకి దిగిన నాడు విత్తనాలాయన చేతిలో ఉన్న పెట్టుబడి ఒక ఇరుకు గది, ఎదుటివాడి మాట పూర్తికాకముందే ధర చెప్పగల నోరు, అత్తగారు ఇచ్చిన డబ్బాడు గుమ్మడి గింజలు. గది అద్దెది. నోరు సొంతం. గింజలు ఎవరివన్న సంగతి ఎవరూ తేల్చలేదు గాని, ఆయన దృష్టిలో అది ఎప్పుడో తేలిపోయింది.

అది అల్లాటప్పా గుమ్మడి కాదు. కోసి అల్మారా మీద పెట్టి మరచిపోతే, మళ్లీ కాపు వచ్చేదాకా అలాగే ఉండేది. అందుకే దానికి ఏడాదిగుమ్మడి అని పేరు. పెరడున్న ప్రతివాళ్లూ నారు కోసం ఆయన గుమ్మం ఎక్కాల్సిందే. కాయలోని గింజలు దాచుకోవచ్చు కదా అంటే, దాచుకునేవాళ్లు. కాని తేనెటీగకు జాతి పట్టింపు లేదు. పక్కింటి గుమ్మడి పుప్పొడి తెచ్చి వీళ్ల పువ్వుకు పూసిపోయేది. ఆ గింజలు వేస్తే కాసేవి నెల తిరక్కుండా కుళ్లే కాయలు. విత్తనాలాయన మాత్రం విచ్చుకోబోయే మొగ్గలను ముందురోజు సాయంత్రమే దారంతో కట్టేసి, తెల్లవారగానే విప్పి, మగపువ్వును ఆడపువ్వుకు తన చేత్తో అద్ది, మళ్లీ కట్టేసేవాడు. ఆ కిటుకు నేర్పింది అత్తగారు. అది ఎవరి కంటా పడకుండా పెరటిగోడ ఎత్తు పెంచింది ఆయన.

అలాంటివాడి దుకాణానికి ఒకనాడు విత్తన బ్యాంకు నుంచి ఆఫీసరమ్మ వచ్చింది.

“మీ ఏడాదిగుమ్మడి ఇంకెక్కడా లేదండీ. కొన్ని గింజలిస్తే ఎండబెట్టి, గాలి చొరకుండా మూసి, గడ్డకట్టే చలిలో దాస్తాం. తరాలపాటు బతికుంటాయి.”

“వడ్డీ ఎంత?”

“వడ్డీ ఉండదండీ. పెంచి, అడిగినవాళ్లకు ఇస్తాం.”

“అంటే నా అసలు తీసుకెళ్లి ఊరికి పంచుతారు. దీన్ని బ్యాంకు అంటారా తల్లీ?”

“ఇచ్చినవారి పేరు హాల్లో బోర్డు మీద రాయిస్తాం. రోజూ జనం వచ్చి చూస్తుంటారు.”

విత్తనాలాయన నోటికి మొదటిసారి ధర తట్టలేదు. ఈలోగా, ఆ మధ్యే వీళ్లింటికి మకాం మార్చిన అత్తగారు లోపలి గుమ్మంలోంచి, “ఇస్తామమ్మా, నేనే తెచ్చిస్తాను” అనేసింది.

“అత్తయ్యగారి మాటంటే మాటే!” అన్నాడు ఆయన, అప్పటికే లెక్క కుదరడంతో. బోర్డు రావాలి, గింజ పోకూడదు.

భార్య బజారుకు వెళ్లిన వేళ చూసి, గుప్పెళ్లతో గింజలు మూకుట్లో పోసి సన్నసెగ మీద వేయించాడు. రంగు మారనివ్వలేదు, పొట్టు లేవనివ్వలేదు. చల్లారాక పచ్చివాటి పక్కన పెట్టి చూసుకుంటే తనకే తేడా తెలియలేదు. వాటిని గుడ్డసంచిలో కట్టి అత్తగారి చేతికిచ్చాడు. మర్నాడు ఆవిడ బస్సెక్కి బ్యాంకులో ఇచ్చి వచ్చింది.

నారు పోసే అదను వచ్చింది. కావాలని ముందే చెప్పుకున్నవాళ్లు బోలెడుమంది. ఆయన డబ్బాలోని గింజలు ట్రేల నిండా నాటాడు. వారం గడిచింది, మట్టి మట్టిగానే ఉంది. మట్టిని తిట్టాడు, నీళ్లను తిట్టాడు, చీమల మందు చల్లాడు. వచ్చినవాళ్లకు “ఇంకో నాలుగు రోజులు” అని చెప్పి చెప్పి నోరు ఎండిపోయింది. మాట తప్పితే ఒక్క గుమ్మడితో ఆగదు, దుకాణం పరువే పోతుంది.

చివరికి డబ్బా అడుగున మిగిలిన గింజొకటి కొరికాడు. కరకరలాడింది. కమ్మగా ఉంది. ఇంకోటి కొరికాడు. అదీ కమ్మగానే ఉంది.

తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా విత్తన బ్యాంకుకు బస్సెక్కాడు.

“మీ గింజల కోసమేనా!” అంది ఆఫీసరమ్మ సంబరంగా. “పరీక్షకు నాటినవి నాటినట్టే మొలిచాయి. రండి, చూపిస్తాను.”

గాజుగదిలో లేత ఆకులు విప్పుకుని బారులు తీరి ఉంది ఏడాదిగుమ్మడి నారు. విత్తనాలాయనకు కళ్లు చెమర్చాయి. “ఇచ్చేయండమ్మా, పట్టుకుపోతాను.”

“డిపాజిట్ మీ అత్తగారి పేర ఉందండీ. మేం పంచడం మొదలుపెట్టేదాకా ఆవిడ సంతకం లేనిదే ఇవ్వలేం.”

బోర్డు మీదా ఆవిడ పేరే ఉంది. అక్షరాలు పెద్దవి.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు వరండాలో కూర్చుని ఉంది.

“అత్తయ్యగారూ, మన గుమ్మడి...”

“మనదా? నిన్నటిదాకా మీ ఒక్కరిదే కదా అల్లుడుగారూ!”

“మీకెప్పుడు తెలిసింది?”

“సంచి మూతి విప్పగానే. వేగిన గింజ వాసన నాకు తెలియదా? చలిలో దాచేవి పచ్చివి ఉండాలని సంచిలోవి డబ్బాలోకి, డబ్బాలోవి సంచిలోకి మార్చాను. గుమ్మడికాయల దొంగ అని నేనెవర్నీ అనలేదు. మీరే భుజాలు తడుముకుంటున్నారు.”

“అదను పోతుందని తెలిసి కూడా చెప్పలేదే!”

“వ్యాపారస్తులు కదా, నాటేముందు ఒక్కటైనా కొరికి చూస్తారనుకున్నాను.”

“కొరికితే ఒక గింజ తరుగు కదండీ!”

వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది. “అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఈయన వేయించి మరీ చేశారు!”

“సంతకం పెడతాను. కాని నారు కొన్న ప్రతి మనిషికీ పువ్వు కట్టడం నేర్పాలి” అంది అత్తగారు.

“నేర్పితే పైయేడు నా గుమ్మం ఎవరు ఎక్కుతారు?”

అత్తగారి గొంతులో వెటకారం పోయింది. “మా నాన్న దగ్గర చారల పుచ్చ ఒకటి ఉండేది. ఆయనా మీలాగే ఎవరికీ గింజ ఇవ్వలేదు. ఒక్క వానకు కుండలోని విత్తనమంతా బూజు పట్టింది. ఇప్పుడు దాని రుచి ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే. నాతో అదీ అయిపోతుంది.”

విత్తనాలాయన తాను ఎత్తు పెంచిన పెరటిగోడ వంక చూశాడు. తరవాత అలవాటు కొద్దీ, “సగం మందికి నేర్పుతాను” అన్నాడు.

“అందరికీ.”

“అందరికీనా... పోనీ, బోర్డు మీద దుకాణం పేరు?”

“అడుగున. చిన్న అక్షరాల్లో.”

బేరం కుదిరింది. నారు వచ్చింది, మాట నిలబడింది. పొద్దున్నే పెరటి తలుపు తీసి, వచ్చినవాళ్లందరికీ పువ్వు కట్టడం చూపించాడు. మొదటిరోజు పళ్లబిగువున, ఆ తరవాత కాస్త గొప్పగా.

ఏడాది చివర లెక్క చూసుకున్నాడు. గుమ్మడి నారు మీద గుత్తహక్కు పోయింది. దాన్ని రానిబాకీ కింద కొట్టేశాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఉత్తచేతులతో వెళ్లలేదు కనుక ఎరువు, కుండీలు, పందిరి కర్రలు కలిసి ఆ గుంట పూడ్చాయి. ఎవరి పెరట్లో చూసినా ఏడాదిగుమ్మడే పాకుతోంది. తన డబ్బాకు ఏ ముప్పు వచ్చినా ఊరంతా అద్దెలేని గోదామే. ఇక అత్తగారు గల్లా పక్కన కుర్చీ వేయించుకుంది. ధర చెప్పేది ఆవిడ, తగ్గించినట్టు కనిపించేది ఆయన. అంత బేరం తెలిసిన మనిషి జీతం లేకుండా దొరకడమే ఆ ఏటి నికర లాభం.