గాలిదారిన ఎంత దూరం

ఇస్త్రీ చేస్తుంటే మా అమ్మాయి నోటుబుక్కు తెచ్చి బట్టల మీదే పెట్టింది. "నువ్వు చెప్పిందే రాశానమ్మా, టీచర్ తప్పు పెట్టారు" అంది మూతి ముడుచుకుని. మనం ఉన్న ఊరి నుంచి దూరంగా ఉన్న ఇంకో ఊరికి విమానంలో ఎంత దూరం, ఎంతసేపు ప్రయాణం అన్నది ప్రశ్న. మా అమ్మ వాళ్ళ ఊరు రాయమన్నదీ, రెండు రోజులు పడుతుందన్నదీ నేనే. దాని మీద ఎర్ర గీత. కింద టీచర్ రాత: పదకొండు వందల నలభై కిలోమీటర్లు, గంటా యాభై నిమిషాలు.

టీచరే పొరపాటు పడి ఉంటుందని ఫోన్ తీశాను. రోజూ రెండు విమానాలు. ఎక్కడా మారే పని లేదు. పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాయట. ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేసి అక్కడే కూలబడ్డాను.

నేను పనిచేసేది గ్రంథాలయంలో. ఎవరేం అడిగినా చిటికెలో వెతికిస్తాను. నా పుట్టింటి దారి మాత్రం ఒక్కసారీ వెతుక్కోలేదు, నా తెలివి తెల్లారినట్టే ఉంది. పెళ్ళయిన కొత్తలో ఆయన అన్నారు, "మూడు విమానాలు మారాలి, అందులోనూ రెండు రోజులే, దానికంటే రైలే నయం. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు." అత్తగారు అందుకున్నారు, "అన్నాళ్ళు నువ్వు లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలిగేదెలా?" నమ్మేశాను. ప్రయాణాలూ టిక్కెట్లూ ఆయన పని, వంటా గిన్నెలూ అత్తగారి మందులూ నా పని. నాన్నకి సీరియస్‌గా ఉందని కబురొచ్చిన రోజు కూడా నన్ను రైలే ఎక్కించారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఎల్లుండి అమ్మకి తుంటి ఎముక ఆపరేషన్. "నువ్వు చేరేసరికి ఆవిడ లేచి నడుస్తుంటుంది" అని ఆయన నిన్ననే నవ్వారు.

సాయంత్రం ఆయన రాగానే నోటుబుక్కు ముందు పెట్టాను.

"మీకు తెలుసా?"

"తెలుసు" అన్నారు, బూట్లు విప్పుకుంటూ. "చెప్తే నెలకోసారి వెళ్తానంటావు."

"నాన్న పోయినప్పుడు కూడా తెలుసా?"

"అప్పుడు చెప్తే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నిలదీసేదానివిగా. అదంతా ఇప్పుడెందుకు, అన్నం పెట్టు."

నాకు ఏడుపు కూడా రాలేదు. పన్నెండేళ్ళు ఈ మనిషి పక్కనే పడుకున్నానా అనిపించింది. అన్నం పెట్టలేదు. ఆయన ఎదురుగానే కూర్చుని పొద్దుటి విమానానికి నాకూ పిల్లకీ టిక్కెట్లు తీసుకున్నాను. ఆయన ఏదో అంటూనే ఉన్నారు. నేను అమ్మకి ఫోన్ చేశాను.

"రేపు వస్తున్నానమ్మా. విమానంలో రెండు గంటలు కూడా పట్టదట. నాకు ఇవాళే తెలిసింది."

అమ్మ మెల్లగా అంది.

"ఇవాళే తెలిసిందా తల్లీ? మాకెప్పుడో తెలుసు. నీకే రావాలని లేదేమోనని అడగడం మానేశాం. మీ నాన్న అదే అనుకుంటూ పోయారు."