మిర్తా చదివిన మాట

కర్రపెండలం చెక్కు తీస్తూ, శనివారం మా నర్సింగ్ కాలేజీలో శిక్షణ ఉందని చెప్పాను. వార్డుల్లో నర్సులే తోటి నర్సుల్ని మాటలతో కాల్చుకు తింటుంటే, నేర్పే మాలాంటివాళ్ళు ఏం చెయ్యాలో చెబుతారట. నా భర్త విల్ఫ్రీదో పేపర్లోంచి తలెత్తలేదు. "మాటలు పడటానికీ ట్రైనింగా? మా అమ్మనడిగితే ఊరికే ఇచ్చేది కదే!" అత్తగారు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లో నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

శిక్షణకు పన్నెండుమందిమి వచ్చాం. అందరూ వంతులవారీగా తాగే చల్లటి ఆకు పానీయం, తెరెరే, ఒకే గ్లాసులో చేతులు మారుతోంది. చదువుకునే రోజుల్లో గుండెలో గుచ్చుకున్న ఒక్క మాట రాసి చదవమంది శిక్షకురాలు. పేర్లు మాత్రం వద్దంది.

మిర్తా లేచింది. ఒకప్పుడు నా విద్యార్థిని, ఈ ఏడే మాతో పాటు పాఠాలు చెప్పడానికి చేరింది. "'నీ చేతులు పేడ ఎత్తడానికే పనికొస్తాయి, మనుషుల్ని ముట్టుకోవడానికి కాదు.'"

అది నా మాటే. మందుల ట్రే జారవిడిచిందని వార్డంతా వినేలా అన్నాను. ఆ పొద్దున్నే అత్తగారు చుట్టాల ముందు నన్నన్న మాట, అక్షరం పొల్లుపోకుండా. ఇంట్లో నోరెత్తలేక మింగింది తెచ్చి, నాకు ఎదురుచెప్పలేని పిల్ల మీద కక్కాను.

ఊరుకుంటే గడిచిపోయేదే. లేచి నిలబడ్డాను. "ఆ మాట అన్నది నేనే. తప్పు చేశాను మిర్తా."

"తెలుసు మేడమ్. ఆ రోజు మీ కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. కోపం కన్నా భయమేసింది నాకు, పెద్దయ్యాక నేనూ ఇలాగే అయిపోతానేమోనని."

"అయ్యావా?"

"మొన్న గురువారం ఒకమ్మాయి మీద అరిచాను." తలొంచుకుని, తన వంతు గ్లాసు నా చేతిలో పెట్టింది.

సోమవారం వార్డులో, మా రెండో ఏడాది అమ్మాయి ఒక పెద్దాయన కాలికి కట్టు కడుతోంది. హెడ్ నర్సు పెర్లా వచ్చి ఆ కట్టు లాగిపారేసింది. "ఇది కట్టా, బట్టల మూటా? ఎవత్తె నేర్పిందే నీకు?"

"నేనే నేర్పాను. తప్పుంటే పక్కకు పిలిచి నాతో చెప్పు పెర్లా. రోగి ముందు పిల్లనలా అనకు."

పెర్లా నన్ను ఎగాదిగా చూసి విసవిసా వెళ్ళిపోయింది. మంచం చివర కూర్చున్నాను.

"మళ్ళీ మొదలుపెట్టు తల్లీ," అన్నాను. "ఆయనకేం తొందర లేదు. నాకూ లేదు."