అగ్గిపుల్లకు సాగిన దారం

నందవరం పొద్దుతిరుగుడు చేల గట్టున ప్రభుదాసు తనకున్న మూడు తేనెటీగల పెట్టెలనూ తగలబెట్టి వారం దాటింది. గుంత తవ్వి, లోపల పట్టు కట్టే ఫ్రేములతో సహా కాల్చి, మట్టి కప్పాడు. అడిగినవారికి చీమలు పట్టాయని చెప్పాడు. ఊళ్లో తేనెటీగల పెంపకంలో శిక్షణ పొందినవాడు అతడొక్కడే. తన పెట్టెలకే రోగమని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

రోగం పిల్ల పురుగులది. పట్టు గదుల మైనపు మూతల కింద అవి కుళ్లి జిగురు వాసన కొడతాయి. అగ్గిపుల్ల గుచ్చి లాగితే గోధుమరంగు దారం సాగుతుంది. ఆ సూక్ష్మజీవి మైనంలోనూ కొయ్యలోనూ ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. ఇదంతా ప్రభుదాసుకు తెలుసు. రెండు నెలల కిందట, రోగం సంగతి తెలియకముందు, ఆ పెట్టెల్లోంచే పిల్ల పురుగులున్న ఒక ఫ్రేము తీసి, దేవనకొండలో ఉన్న చెల్లెలు ఏసమ్మ పెట్టెకు బలమని ఇచ్చినదీ తెలుసు. ఫోను చేయాలని రోజూ అనుకున్నాడు. “మా అన్న ఇచ్చినాడు” అని ఆమె ఊరంతా చెప్పుకుంటోందని విన్నాక, అనుకోవడం కూడా మానేశాడు.

శనివారం మధ్యాహ్నం ఏసమ్మే ఆటో దిగింది. చంకలో దోమతెర గుడ్డ కట్టిన చిన్న పెట్టె.

“సీమలు నీ కొంప ముంచినాయంట కదన్నా. సదువుకున్నోని పెట్టెలకు సీమలేందని మా ఊళ్లో నవ్వుతాండారు. నీ ఫ్రేముతోనే నా పెట్టె నిండింది. ఇవి దాంట్లో పిల్లలే, ఈగలతో సహా తెచ్చినాను. మల్లా మొదలుపెట్టు.”

పెట్టె తెరవకముందే వాసన తగిలింది. అయినా ప్రభుదాసు అగ్గిపుల్ల తీసి, కుంగిన ఒక గది మైనపు మూతలో గుచ్చి లాగాడు. దారం వేలెడు సాగింది, తెగలేదు.

“ఏందన్నా అది?”

చెప్పాడు. పెట్టెలు ఎందుకు కాల్చాడో, ఎప్పటినుంచి తెలుసో, అంతా.

“వారం నుంచి తెలుసా?”

“ఊఁ.”

“మొన్న బుధవారం మా ఊళ్లో మద్దయ్యమామకు ఒక ఫ్రేమిచ్చినాను. గంగమ్మత్తకు ఒకటి. వాళ్లు అడగనే లేదు. నువ్వు నాకిచ్చినట్ల నేనే ఇచ్చినాను.”

అతడి చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుంది.

“ఇది నాకు కావల్ల. ఆడ శానా పని ఉంది.” గట్టు దిగుతూ ఆగింది. “ఈ రోగం యాడిదని అడుగుతారు. సీమలని సెప్పల్లా, నీ పేరు సెప్పల్లా?”

అతడు చేతిలోని పుల్లను చూస్తూ నిలబడ్డాడు. ఆమె ఆటో ఎక్కింది.

“నా పేరే సెప్పు,” అన్నాడు ప్రభుదాసు, ఆటో మలుపు తిరిగిన తరువాత.