కొండమొన దగ్గర తిరగబడ్డ పడవ

ఊళ్ళో సగం మందికి ఈత నేర్పిన మనిషి కాబట్టి అతన్ని అందరూ కోచ్ అనే పిలిచేవారు. సొంత చెల్లెలు కూడా అన్నయ్య అనడం మానేసి కోచ్ అనేది. భార్య మాత్రం ‘ఏమండీ’ అనేది గానీ, అతను గొంతు పెంచితే చాలు, ఈల విన్న బడిపిల్లలా చేస్తున్న పని ఆపి నిలబడిపోయేది.

ఆమె రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేసేది. ఎవరికీ దొరకని నరం ఆమె వేలికి దొరుకుతుందని అక్కడ పేరు. ఏడుస్తూ వచ్చిన ముసలివాళ్ళు కూడా, సూది ఎప్పుడు దిగిందో తెలియలేదమ్మా అని దీవించి వెళ్ళేవారు. ఆ చెయ్యే ఇంటికొచ్చి మొగుడికి కప్పు అందిస్తే, అది సాసరు మీద గలగలమనేది.

పెళ్ళయిన కొన్నాళ్ళకి కోచ్‌కి కయాక్ పిచ్చి పట్టుకుంది. సన్నగా, పొడుగ్గా, ఒక్క మనిషి కూర్చుంటే నడుము దాకా మూసుకుపోయే సముద్రపు పడవ అది. తనకో ఎర్రది, భార్యకో పసుపుపచ్చది కొన్నాడు.

“మొగుడూ పెళ్ళాలు కలిసి చేసే పని ఒక్కటైనా ఉండాలిగా” అన్నాడు.

“అదృష్టవంతురాలివి వదినా” అంది ఆడపడుచు.

సముద్రంలో పడవ తిరగబడితే ఎలా బయటపడాలో, మళ్ళీ ఎలా ఎక్కాలో ముందు నేర్చుకోవాలి. ఎవరు నేర్పినా, చెప్పి మరీ తిరగేస్తారు. కోచ్ చెప్పేవాడు కాదు. ఆమె నీళ్ళవైపో ఆకాశంవైపో చూస్తుండగా పక్కకి వచ్చి, పడవ అంచు పట్టుకుని ఒక్క తోపు తోసేవాడు. మరుక్షణం ఆమె చన్నీళ్ళలో తలకిందులుగా ఉండేది. నీళ్ళు లోపలికి రాకుండా నడుముకీ పడవకీ కలిపి బిగించిన రబ్బరు గుడ్డ ఒకటుంటుంది. దాని ముందున్న పట్టీ వెతికి లాగితే తప్ప బయటికి రావడం కుదరదు. తేలి, దగ్గి, ముక్కులో నీళ్ళు చీదుకుంటుంటే, ఒక్క పడవంత దూరంలో ఆగి అడిగేవాడు.

“మొదట ఏం చెయ్యాలి?”

“పడవ వదలకూడదు.”

“తర్వాత?”

“తెడ్డు... తెడ్డు వదలకూడదు.”

“నాకు వినపడలేదు.”

అతనికి వినపడేదాకా దగ్గరికి వచ్చేవాడు కాదు. ఒకసారి ఉప్పునీళ్ళు మింగి వాంతి చేసుకుంటే, అది అయ్యేదాకా ఆగి మళ్ళీ మొదటినించీ అడిగాడు. “సముద్రం నీకు మర్యాదలు చెయ్యదు. నేనూ చెయ్యను” అనేవాడు.

విచిత్రమేమిటంటే, ఇంత జరిగినా ఆమెకి సముద్రం నచ్చింది. తన వేగం చూపించుకోవడానికి కోచ్ ముందుకి దూసుకుపోయాక, వెనక ఆమె ఒక్కతే మిగిలేది. అరుపులుండేవి కావు. పడవ అడుగున నీళ్ళు చిన్నగా సొద పెట్టేవి. తెడ్డు ఎంత మెల్లగా ముంచితే పడవ అంత తిన్నగా పోతుందని ఆమె చేతులు వాటంతటవే కనిపెట్టాయి. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

వేసవి చివర కోచ్ పెద్ద ప్రయాణం ఒకటి వేశాడు. ఈ తీరం నించి బయలుదేరి, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండమొన చుట్టి, అవతలి ఇసుకతీరంలో దిగాలి. భోజనాల బల్ల మీద మ్యాపు పరిచి అతను చెప్పిన మాటల్లో తప్పేమీ లేదు.

“పొద్దున్నే బయలుదేరితే నీళ్ళు నిదానంగా ఉండగానే మొన దాటేస్తాం. ఆలస్యం చేస్తే ఆటు మొదలవుతుంది. వెనక్కి లాగే నీళ్ళకి గాలి ఎదురు తగిలిందంటే అక్కడ అలలు గోడల్లా లేస్తాయి.”

ఆడపడుచు కారేసుకుని అవతల ఎదురుచూడాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి వీళ్ళు రాకపోతే తీర రక్షణవాళ్ళకి ఫోన్ చెయ్యాలి. అన్నీ పకడ్బందీగానే అనుకున్నారు.

బయలుదేరే రోజు పొద్దున తీరంలో షికారుకొచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. కోచ్ భార్య లైఫ్ జాకెట్ పట్టీలు ఊపిరాడనంత బిగించాడు. విజిల్, నీళ్ళు తోడే పంపు, ఇంకో పడవని లాగడానికి నడుముకి చుట్టుకునే తాడు, అన్నీ ఒక్కొక్కటీ పైకెత్తించి చూశాడు. తన జాకెట్ మాత్రం వదులుగానే వదిలేశాడు. ఆ బిగింపులన్నీ నేర్చుకునేవాళ్ళకి. చుట్టూ జనం మూగేసరికి అతనికి హుషారొచ్చింది.

“తిరగబడితే ఏం చెయ్యాలో మా ఆవిడ చూపిస్తుంది చూడండి” అని, ఆమె సర్దుకుని కూర్చునేలోగా పడవ తోసేశాడు.

ఆమె తేలింది, జవాబులు చెప్పింది, ఎక్కింది. ఎవరో నవ్వారు, ఎవరో ఫోన్లో వీడియో తీశారు. మళ్ళీ తోశాడు. ఆ తర్వాత మళ్ళీ.

“ఏమండీ, ఆలస్యమవుతోంది. నీళ్ళు తిరుగుతాయేమో” అంది ఆమె, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా.

“వినండి, ఈవిడ నాకు నీళ్ళ సంగతి చెప్తోంది” అన్నాడు కోచ్ జనంతో. అందరూ నవ్వారు.

కొండమొన చేరేసరికి అక్కడ అలలు నిలువునా లేస్తున్నాయి. ముందు పోతున్న ఎర్ర పడవ ఒక అల ఎక్కింది, రెండోదానికి అడ్డం తిరిగింది, మూడోది దాన్ని బోర్లించేసింది. కోచ్ బయటికి వచ్చాడు. తెడ్డు అప్పటికే కొట్టుకుపోయింది. కొలనులో అతన్ని మించిన ఈతగాడు లేడు. అందుకేనేమో, పడవ వదిలేసి తెడ్డు కోసం ఈదాడు. తెడ్డు అందలేదు. వెనక్కి తిరిగేసరికి పడవని గాలి ఎత్తుకుపోతోంది. వదులు జాకెట్ పైకి జారి చెవుల దాకా వచ్చి, అతని మొహం మూసేస్తోంది.

ఆమె వచ్చింది. ఒక్క పడవంత దూరంలో ఆగింది.

“చెయ్యి! చెయ్యివ్వు!”

“మొదట ఏం చెయ్యాలండీ?”

అతనికి అర్థం కాలేదు. అల ఒకటి అతని తల మీదుగా పోయింది.

“పడవ వదలకూడదు. మీరు వదిలేశారు.”

“బుద్ధుందా నీకు? దగ్గరికి రా.”

“నాకు వినపడలేదు.”

అతని పెదాలు నీలంగా మారుతున్నాయి. తిట్టబోయాడు, నోట్లోకి నీళ్ళు పోయాయి. “చచ్చిపోతానే” అన్నాడు. ఆ తర్వాత “అమ్మా” అన్నాడు. మళ్ళీ మళ్ళీ అదే మాట, చిన్నపిల్లాడిలా వెక్కుతూ.

ఆమె తెడ్డు వణకలేదు. కడుపులో వెచ్చగా ఏదో కదిలింది, ఆకలి తీరినట్టుగా. ఇక చాలని ఆమెకి తెలుసు. అయినా ఇంకో అల పోనిచ్చింది.

అప్పుడు వెళ్ళి, తన పడవ ముక్కు పట్టుకోమని అతన్నలాగే ఈడ్చుకుంటూ ఎర్ర పడవని అందుకుంది. దాని కొనని తన పడవ మీదికి లాగి నీళ్ళు వంచింది, తిప్పింది, గట్టిగా పట్టుకుంది. అతని వేళ్ళు కొయ్యబారిపోయాయి. జాకెట్ భుజం పట్టుకుని బస్తా లాగినట్టు లాగి ఎక్కించింది. పంపుతో మిగతా నీళ్ళు తోడింది. నడుము తాడు అతని పడవకి తగిలించి, తీరందాకా లాక్కొచ్చింది.

ఆడపడుచు ఫోన్ చేతిలో పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉంది. వదిన నడుముకున్న తాడు విప్పింది ఆవిడే. అన్నకి దుప్పటి చుట్టి కారెక్కించింది.

వారం పోయాక కోచ్ చెల్లెల్నీ బావమరిదినీ, ఇంకొందరు స్నేహితుల్నీ భోజనానికి పిలిచాడు. అన్నాలు తింటుండగా మొదలుపెట్టాడు.

“కొండమొన దగ్గర మా ఆవిడ తిరగబడింది. ఇన్నాళ్ళు నేర్పిందంతా గాలికి పోయింది. పడవ వదిలేసి తెడ్డు కోసం ఈదుతోంది మహాతల్లి. నేను వెళ్ళేసరికి ఒకటే ఏడుపు, ‘అమ్మా అమ్మా’ అని.”

వెక్కిళ్ళతో సహా అనుకరించి చూపించాడు. బల్ల చుట్టూ నవ్వులే నవ్వులు. వడ్డిస్తున్న ఆమె గరిటె పట్టుకుని ఆడపడుచు వైపు చూసింది.

“ఆ రోజు వదిన మొహం చూడాలి మీరు. తెల్లగా పాలిపోయింది” అంది ఆడపడుచు, కంచంలోకి చూస్తూ.

“భయం పట్టేసింది దానికి. పోనీలే, దాని కోసం నేనూ మానేస్తున్నా” అన్నాడు కోచ్.

ఇలాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడని ఎవరో అన్నారు.

వంటగదిలో గిన్నెలు సర్దుతూ ఆమె ఆడపడుచుని అడిగింది. “తాడు విప్పింది నువ్వేగా. ఎవరి నడుముకుంది?”

“నీ నడుముకే.”

“మరి?”

“అన్నయ్య పరువు తీస్తే నీకేమొస్తుంది వదినా? ఊరుకో.”

అందరూ వెళ్ళాక ఆమె భర్తతో అంది. “నాకు భయం లేదు. నేను వెళ్తాను, ఒక్కదాన్నైనా.”

కోచ్ ఆమె వైపు తిరిగాడు. “నువ్వక్కడ ఆగావు. చూస్తూ కూర్చున్నావు.”

“అవును.”

“ఎంతసేపు కూర్చునేదానివి?”

ఆమె ఆలోచించింది. “తెలీదండీ” అంది. అది నిజం.

ఆ నెలలోనే ఒక సాయంత్రం ల్యాబ్ నించి వచ్చేసరికి, ఇంటి ముందు జీపు ఆగి ఉంది. ఎర్ర పడవ దాని మీదికి ఎక్కేసింది. వాటిని కొనుక్కున్న ఇద్దరు మనుషులు పసుపుపచ్చది కడుతున్నారు.

“మీకు నీళ్ళంటే పడదటగా అమ్మా. సార్ చెప్పారు” అన్నాడు ఒకతను, సానుభూతిగా.

ఆమె సంచీ మెట్ల మీద పెట్టి, జీపు ముందువైపుకి వెళ్ళింది. పడవ ముక్కు దగ్గర పట్టీ వదులుగా ఉంది. దాన్ని విప్పి, మెలిక తీసి, మళ్ళీ చుట్టి గట్టిగా బిగించింది.

“ఇది అలాగే వదిలేస్తే దారిలో లేచిపోతుంది” అంది.

జీపు వీధి మలుపు తిరిగింది. మేడ మీద కిటికీలోంచి కోచ్ పిలిచి టీ పెట్టమన్నాడు. ఆమె సంచీ తీసుకుని లోపలికి వెళ్ళి, స్టవ్ వెలిగించింది.